మూడు మెట్ల తాళం

ఆఫీసులో ఆయన్ని తాళాలాయన అనేవారు. జనం ఫోన్లలో పంపుకునే సందేశాలను ఎవరూ చదవకుండా తాళం వేసే పద్ధతి ఆయన తయారుచేసిందే. అందులో మూడు మెట్లు పెట్టాడు. ఒకటోది తేలిక, మామూలు కబుర్లకు. రెండోది వ్యాపారాలకు. మూడోది ఎవరూ, ఆఖరికి ఆయన కూడా, విప్పలేనిది. అంత గట్టి తాళం డొక్కు ఫోన్లో కూడా బ్యాటరీ తినకుండా నడవడమే ఆయన ఘనత. ఆ సంగతి అడిగినవాళ్లకూ, అడగనివాళ్లకూ చెప్పి ప్రాణం తీసేవాడు.

మామూలు జనమంటే ఆయనకు చీదర. "వీళ్ల మొహాలకి రహస్యాలొకటా!" అనేవాడు. అందుకే ఒకటో మెట్టును మొక్కుబడిగా చుట్టి పడేశాడు.

ఒక ఆదివారం వదినగారు, అంటే భార్య అక్క, భోజనానికి వచ్చింది. మాటల మధ్య భార్య అడిగింది.

"ఏమండీ, నా ఫోన్లో ఏ మెట్టు పెట్టుకోను?"

"ఏం కూర వండావు, పక్కింటావిడ ఏమంది, ఇంతేగా నీ కబుర్లు! ఒకటోది చాల్లే. కాఫీ తాగేలోగా నేనే విప్పి చదివేస్తా" అని పగలబడి నవ్వాడు.

వదినగారు తింటున్న చెయ్యి ఆపింది. భార్య నవ్వలేదు. ఆ మహానుభావుడికి ఎదుటివాళ్ల మొహాలు చూసే అలవాటు లేదు.

నెల తిరక్కుండానే భార్య పెట్టె సర్దుకుని అక్క ఇంటికి వెళ్లింది. "తిరిగి వస్తానో లేదో ఆలోచించుకుని చెప్తాను" అంది. మొదట్లో తేలిగ్గా తీసుకున్నాడు. తర్వాత ఇల్లు బావురుమంటుంటే గుండెల్లో రాయి పడింది. ఆవిడ రాకపోతే తనకు ఎవరూ లేరు. పోనీ ఫోన్ చేసి అడగొచ్చుగా? అబ్బే, అడగడమా? తానా?

అక్కాచెల్లెళ్ల సందేశాలు చదివితే సరిపోతుందనుకున్నాడు. అవన్నీ ఆఫీసు యంత్రాల మీదుగా పోయేవే. తప్పు కదా అన్న ఆలోచన దరిదాపులకు రాలేదు. తప్పొప్పులు కూడా ఆయన దృష్టిలో ఒకటో మెట్టువాళ్లకే. ఆఫీసు గది తలుపేసుకుని, కాఫీ పక్కన పెట్టుకుని కూర్చున్నాడు.

ఆవిడ సందేశాలన్నిటికీ మూడో మెట్టు తాళమే ఉంది. ఆ ఆదివారమే మార్చుకుంది. డొక్కు ఫోన్లోనూ నడుస్తుందిగా మరి! ఆయన కిందామీదా పడ్డాడు. ఒక్క ముక్క ఊడిరాలేదు. తాళం తియ్యకుండా లోపలికి దూరే దొడ్డిదారి పెట్టే ప్రసక్తే లేదని సభల్లో ఛాతీ విరుచుకున్నది కూడా ఈయనే. కాఫీ చల్లారి తెట్టు కట్టింది.

చివరికి పరువు దిగమింగి వదినగారికి ఫోన్ చేశాడు.

"మా ఆవిడ ఏమనుకుంటోందండీ?"

"అదేంటి మరిదిగారూ, కాఫీ తాగేలోగా చదివేస్తారుగా! నన్నడుగుతారేం? ఉండండి, అదే చెప్తుందిలెండి."

కాసేపటికి భార్య నుంచి సందేశం వచ్చింది. అలవాటుకొద్దీ ముందు మెట్టు చూశాడు. ఒకటోది.

"నేను రావడం లేదు. మీతో మాటలకి ఇది చాలు."