తలపాగా ఎత్తు

"తల ఆనుతుందేమో చూడవోయ్!" అని ఖల్ఫాన్ అరిచాడు.

పక్క షెడ్డులో ఇనుము కోసే యంత్రం కీచుమంటోంది. ఆ రొదలో మెకానిక్ దిల్మురాద్ చెవికి తల కాస్తా తలుపయింది. ఎడమ తలుపు తెరిచి మూశాడు. కుడి తలుపు తెరిచి మూశాడు.

"ఎక్కడా ఆనడం లేదు బాబాయ్! పెట్టె మూతలా మూసుకుంటోంది."

"తలుపు కాదయ్యా, తల! తల!"

"ఓ, తలా!" దిల్మురాద్ తనే ఎక్కి కొత్త సీటులో కూర్చున్నాడు. జుట్టుకీ బండి కప్పుకీ మధ్య చెయ్యి పెట్టి చూపించాడు. "నాలుగు వేళ్ళ ఖాళీ. ఇంకేం కావాలి?"

ఖల్ఫాన్ కూడా ఎక్కి చూశాడు. నిజమే, నాలుగు వేళ్ళు. గ్రీజు అంటుతుందని షెడ్డులోకి రాగానే తలపాగా విప్పి మేకుకు తగిలించాడు. ఆ సంగతి ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు.

ఆ పికప్ కొన్ననాడు ఖల్ఫాన్ గడ్డం నల్లగా ఉండేది. బండిలో ముందు ఒకటే పొడుగాటి సీటు. ముప్పై ఏళ్ళు, ప్రతి శుక్రవారం తెల్లవారగానే తమ ఊరు అల్ హమ్రా నుంచి నిజ్వా పట్నంలో మేకల సంతకు ప్రయాణం. స్టీరింగు దగ్గర తను, కిటికీ దగ్గర బాబాయి కొడుకు శమీస్, మధ్యలో కాఫీ ఫ్లాస్కు, ఖర్జూరాల డబ్బా. తిరుగు ప్రయాణంలో ఒక్కోసారి మేకపిల్ల. మలుపు వస్తే అందరూ, మేకతో సహా, ఒక పక్కకు జారేవాళ్ళు. దారిలో తనూఫ్ దగ్గర వాగు పొంగి దారి మూసేసిన రోజు ఇద్దరూ చెరో చివర ముడుచుకుని కునుకు తీసింది ఆ సీటు మీదే. శమీస్ రెండో కొడుకు పేరు మీద దెబ్బలాడుకున్నదీ దాని మీదే. అది కూర్చోబెట్టే సీటు మాత్రమే కాదు, ఇద్దర్నీ కలిపి కూర్చిన సీటు.

చివరికి దాని నడుం విరిగింది. స్ప్రింగొకటి పైకి లేచి శమీస్‌ను పొడవడం మొదలుపెట్టింది. శమీస్ నడుమూ పట్టేసింది. మూడు శుక్రవారాలుగా అతను కొడుకు ఏసీ కారులో సంతకొస్తున్నాడు.

"నీ బండి మీద కోపం కాదురా, నా నడుం మీద జాలి," అన్నాడు.

ఖల్ఫాన్ పక్కన ఫ్లాస్కు ఒక్కటే మిగిలింది. ఇంకో శుక్రవారం ఇలాగే గడిచిందా, ఏసీకి అలవాటుపడ్డ మనిషి ఈ బండి ఇక ఎక్కనే ఎక్కడని అతని భయం. అందుకే దిల్మురాద్ దగ్గరికొచ్చాడు. ముక్కు చితికిన పెద్ద కారులోంచి తీసిన రెండు తోలు సీట్లు దొరికాయి, మంత్రులు కునుకు తీసే రకం. బోల్టు రంధ్రాలు కలవకపోతే దిల్మురాద్ ఇనుప పట్టీలు కోసి, వెల్డింగు చేసి, వాటి మీద సీట్లను దర్జాగా నిలబెట్టాడు. పాత సీటును షెడ్డు వెనక గోడకు చేర్చాడు. ఖల్ఫాన్ తలపాగా భుజాన వేసుకుని, అటు చూడకుండా బండి తీశాడు.

శుక్రవారం పొద్దున్నే ఖల్ఫాన్ అద్దం ముందు నిలబడి కశ్మీరు తలపాగా చుట్ట మీద చుట్ట చుట్టాడు. బండెక్కాడు. తలపాగా కప్పుకు కొట్టుకుని కళ్ళ మీదకి దిగింది. సర్దాడు, మళ్ళీ దిగింది. తలపాగా లేకుండా ఈ వయసులో సంతకు పోతే తలవంపులు. అందుకని తలే వంచాడు.

గుమ్మం ముందు శమీస్ ఎక్కాడు. "అబ్బ! పరుపురా ఇది!" అన్నాడు. అంతే, మరుక్షణం అతని తలా వంగిపోయింది. మళ్ళీ మాట లేదు.

ఇంకా నడుం నొప్పేమో అనుకున్నాడు ఖల్ఫాన్. అడిగితే దిగిపోతానంటాడేమోనని అడగలేదు. రెండు సీట్ల మధ్య సందులో ఫ్లాస్కు దొర్లుతోంది. నలభై నిమిషాలు ఇద్దరూ తమ మోకాళ్ళనే చూసుకుంటూ వెళ్ళారు.

సంతలో వేలం వేసే హమూద్ బండి అద్దంలోంచి లోపలికి చూశాడు. ఇద్దరు పెద్దలు, దించిన తలలు, మాటా పలుకూ లేదు. చేతిలో మేక తాడు వదిలేసి గబగబా వచ్చాడు. అతని వెనక మేకలు కొనేవాళ్ళు, అమ్మేవాళ్ళు వరస కట్టారు.

"దేవుడు మీకు ఓర్పునివ్వాలి," అంటూ కిటికీలోంచి ఖల్ఫాన్ చెయ్యి పట్టుకున్నాడు.

ఖల్ఫాన్ చటుక్కున శమీస్ వైపు తిరిగాడు. శమీస్ ఇంట్లో ఎవరో పోయారు, తనకు చెప్పనేలేదు. మూడు వారాలకే ఇంత పరాయివాణ్ణయ్యానా?

"ఎవర్రా శమీస్? నాకెందుకు చెప్పలేదు?"

"నేనడగాల్సిన మాట నువ్వడుగుతావేం? పొద్దుట్నుంచీ తలెత్తనిది నువ్వు!"

"నేనా? తలపాగా తగులుతోందిరా!"

"నాకూ అంతేగా! నాకోసం ఇంత ముచ్చటపడి చేయించావు, వంక పెట్టడమెందుకని..."

"నీ నడుమనుకున్నాను కదరా!"

శమీస్ అతన్నే చూస్తూ, అంతమంది ముందు తలపాగా విప్పి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఎండలో బట్టతల మెరిసింది. సీటుకు ఆనుకుని, మెడ నిలబెట్టి, హాయిగా నిట్టూర్చాడు.

"తిరిగెళ్ళేటప్పుడూ ఇలాగే. వచ్చే వారానికి దిల్మురాద్ చేత ఈ సీటు నాలుగు వేళ్ళు దింపించు. మధ్యలో ఈ గొయ్యేమిట్రా, ఫ్లాస్కు ఎక్కడ పెట్టుకోవాలి? అక్కడో పీట వేయించు."

ఇంకా వరసలో జనం వస్తూనే ఉన్నారు. ఖల్ఫాన్ బండి తలుపు తెరిచి అడుగుమెట్టు మీద నిలబడ్డాడు.

"అయ్యా, ఎవరూ పోలేదు! తలపాగా మేకుకు తగిలించి, బోడితలతో బండి కొలిచిన మొనగాణ్ణి నేనే. పోయింది మా పాత సీటొక్కటే."

"దానికైనా మూడు రోజులు సంతాపం కూర్చోవద్దూ?" అన్నాడు హమూద్.

"కూర్చుందామంటే అదే లేదు కదయ్యా!"