పాత ప్రాసెసర్ కేకు

కేకు మీద నీలం క్రీముతో ‘ఆర్మ్ సెవెన్, ఇక సెలవు’ అని రాయించి తెచ్చారు. చాక్లెట్ కేకు, బల్ల సగం ఆక్రమించింది. ఆ ఆఫీసులో అదొక ఆనవాయితీ. ఒక ప్రాసెసర్‌ను ఇక మోయలేమని వదిలేసేటప్పుడు దాని పేరు మీద కేకు తెస్తారు. దాన్ని ఎక్కువ కాలం మోసిన మనిషి చేతే కోయిస్తారు. ఇదివరకు వదిలేసిన వాటికి ఐలీ కోస్కెలాయే కోసింది, నవ్వుతూనే. వాటిని అప్పటికే ఎవరూ వాడడం లేదు. ఈసారి ప్రెస్టన్ కత్తి అందించబోతే చేతులు వెనక్కి పెట్టుకుంది.

“నేను కోయను.”

“చక్కెర జబ్బేమైనా వచ్చిందా?” అన్నాడు ప్రెస్టన్. ఆ ఆఫీసు మేనేజరు, నలభై ఏళ్లవాడు, గొంతు పెంచి ఎరగడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఐలీ నవ్వలేదు.

అమెరికాలోని దులూత్‌లో రేవుకు ఎదురుగా ఉన్న ఆ ఆఫీసు తయారుచేసేది మాట్లాడించే ఫ్రేమ్‌వర్క్. యాప్‌లు చేసే కంపెనీలు దాన్ని కొని తమ యాప్‌లో పెట్టుకుంటాయి. అప్పుడు ఆ యాప్ అక్షరాలను పైకి పలుకుతుంది. పైకి అది ఒకటే పెట్టె. లోపల మాత్రం ఒక్కో రకం ప్రాసెసర్‌కూ ఒక్కో అర ఉంటుంది. ఒకే ప్రోగ్రామును ఏ ప్రాసెసర్‌కు తగ్గట్టు దానికి విడిగా మలిచి ఆ అరలో పెడతారు. ఫోను తన అర తెరుచుకుంటుంది, మిగతావాటి జోలికి పోదు. ప్రతి విడుదలకూ అరలన్నీ నిండుగా ఉండేలా చూడడం ఐలీ ఉద్యోగం. అరవైకి దగ్గరపడింది, తల నెరిసింది, ఆ పనిలోనే నెరిసింది.

“చూడండి ఐలీ, ఆ అర కోసం ప్రతి పనీ రెండుసార్లు చేస్తున్నాం. కొత్త ప్రాసెసర్లకు ఒకలా రాసి, ఆ ముసలిదానికి మళ్లీ ఇంకోలా రాస్తున్నాం. లెక్కల్లో నూటికి ఒక్కరు కూడా దాన్ని వాడడం లేదు” అన్నాడు ప్రెస్టన్.

“ఆ లెక్కలు పంపేది ఎవరు? నా ఫోనూ మీ ఫోనూ లాంటివి. చక్రాల కుర్చీలకు బిగించిన మాట్లాడే పలకలు పంపవు. రోగుల సామాను కదా, లెక్కలు పంపడం ముందే ఆపేసి ఇస్తారు. కనిపించనివాళ్లను లేనివాళ్ల కింద కట్టేశాం.”

కుర్చీకి పలక ఉన్న మనిషి ఒకరు ఐలీకి బాగా తెలుసు. వెర్నా టోలెఫ్సన్, ఎదురింటి స్నేహితురాలు. ఈ ఊళ్లో సిటీ బస్సు నడిపింది. నరాల జబ్బు చేతులను పట్టుకుని, తర్వాత గొంతును పట్టుకుంది. గొంతు పోకముందే గంటల తరబడి కూర్చుని తన మాటలను రికార్డు చేయించుకుంది. ఇప్పుడు పలక మీద ఒక్కో అక్షరాన్నీ కళ్లతో చూస్తే, పలక వెర్నా గొంతుతోనే మాట్లాడుతుంది. ఆ పలకలో ఉన్నది ఆర్మ్ సెవెన్. ఇన్సూరెన్సువాళ్లు ఇప్పట్లో కొత్తది ఇవ్వరు.

“ఐలీ, మీ స్నేహితురాలి సంగతి నాకు తెలుసు. కానీ పాత అర తీసేస్తే పాత పలకలకు కొత్త విడుదల వెళ్లదు, అంతే కదా. ఉన్నది ఉన్నట్టు పలుకుతూనే ఉంటుంది. ఎవరి నోరూ మూయడం లేదు మనం.”

“నేనూ నిన్నటిదాకా అలాగే అనుకున్నాను” అని ఐలీ తన బల్ల దగ్గరికి వెళ్లి ఒక పలక తెచ్చింది. వెర్నాదానిలాంటిదే, పరీక్షలకని సొంతంగా కొనుక్కున్నది. అందులో వెర్నా గొంతు కూడా పెట్టుకుంది, ఆమె అనుమతితోనే. కేకు పక్కన పెట్టి, విడుదలకు సిద్ధంగా ఉన్న యాప్‌ను తెరిచింది. యాప్ తెరుచుకుంది. ఒక మాట మీద నొక్కింది. పలక ఒక్క క్షణం ఆలోచించినట్టు ఆగి, యాప్‌ను మూసేసింది. చప్పుడు లేదు.

“మరి ఇది ఎలా ఎక్కింది దీంట్లో?” అన్నాడు ప్రెస్టన్.

“శబ్దం వినిపించే ముక్క మనది కాదు, బయట కొన్నది. దాంట్లో ఆ పాత అర ఇంకా ఉంది. అరను చూసి యాప్ స్టోరు ఈ పలకకు కూడా కొత్తది పంపేస్తుంది. తీరా తెరిస్తే లోపల మన ముక్క లేదు. గుమ్మం చూసి ఇల్లే అనుకుని వస్తే, లోపల గోడలే లేనట్టు.”

పరీక్షలు చూసే ఒడెస్సా చేతిలోని పేపరు పళ్లెం కింద పెట్టింది. “నా పరీక్షలన్నీ పాసై ఆకుపచ్చగానే వచ్చాయే.”

“వస్తాయి తల్లీ. నువ్వు పరీక్ష పెట్టింది నీ కంప్యూటర్లో ఫోనులా నటించే బొమ్మకు. దాని అర దానికుంది.”

“నిజం ఫోన్లున్న సొరుగు తాళం ఎక్కడుందో కూడా ఎరగను నేను” అంది ఒడెస్సా.

ప్రెస్టన్ గడ్డం నిమురుకున్నాడు. “మంచి పని చేశారు. నిజంగా. ఆ బయటి ముక్కలోనూ పాత అర తీసేద్దాం. అప్పుడు స్టోరు పంపదు, పాతది పలుకుతుంది. చిక్కు తీరింది. ఇక కోయండి.”

ఐలీకి తగాదా అంటే భయం; పొయ్యి ఆర్పానో లేదోనని సగం దారి నుంచి వెనక్కి వెళ్లే మనిషి. కానీ భర్త ఆర్వో గుర్తొచ్చాడు. అతను పోయాక, ఎవరూ ఎత్తకపోతే ఇంటి ఫోను వినిపించే ‘మేం బయటికి వెళ్లాం’ అన్న అతని గొంతు ఒక్కటే మిగిలింది. టెలిఫోన్ కంపెనీ ఏదో పాతది తీసి కొత్తది పెట్టింది. ఆ గొంతు పోయింది. పోతుందని ఎవరూ ముందు చెప్పలేదు.

“తీరలేదు. పలుకుతున్న వాక్యాన్ని మధ్యలో ఆపి ‘ఊపిరాడడం లేదు’ అన్న మాటను ముందు పలికించే ఏర్పాటు ఈ విడుదలలోనే ఉంది. అది కొత్త పలక ఉన్నవాళ్లకేనా? పాతవాళ్లు వాక్యం పూర్తయ్యేదాకా ఊపిరి బిగబట్టాలా?”

“ఉద్యోగం మీదికి తెచ్చుకుంటున్నారు.”

“ఉద్యోగం మీది. ఇచ్చారు, తీసుకోవచ్చు. చెయ్యి నాది. అది కోయదు.”

“ఒడెస్సా, నువ్వు కోయి.”

“నాకు చాక్లెట్ పడదు” అంది ఒడెస్సా. పొద్దున ఆవిడ చాక్లెట్ డోనట్ తినడం అందరూ చూశారు.

ప్రెస్టన్ కత్తి తానే పట్టుకున్నాడు. ఐలీ ఫోను తీసి వెర్నాకు కలిపి, స్పీకరు పెట్టి కేకు పక్కన ఉంచింది.

“వెర్నా, నేనే. మా మేనేజరు ప్రెస్టన్ ఇక్కడున్నారు. నీ పలకకు సెలవు చెప్పే కేకు కోస్తున్నారు. ఆయనతో ఏమైనా అంటావా?”

జవాబు వెంటనే రాలేదు. ఒక్కో అక్షరం కళ్లతో ఏరాలి. అందరూ పళ్లేలు పట్టుకుని నిలబడ్డారు. కిటికీ బయట ఇనుప ఖనిజం ఓడ కూత వేసింది. దానికి దారివ్వడానికి వంతెన పైకి లేచే గంట మోగింది. ప్రెస్టన్ ఒకసారి గొంతు సవరించుకున్నాడు.

“ఏం కేకు నాయనా?” అంది వెర్నా గొంతు.

“చాక్లెట్ అండీ.”

మళ్లీ ఎదురుచూపు.

“నేను మింగలేను. నా వాటా కూడా నువ్వే తిను.”

ఎవరో నవ్వబోయి మానేశారు. ఈసారి ఇంకా ఆలస్యమైంది. ఓడ వంతెన దాటిపోయింది. ప్రెస్టన్ కత్తిని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

“కత్తి నీ చేతిలోనే ఉందా?”

ప్రెస్టన్ చేతిలోని కత్తిని చూసుకున్నాడు. దాన్ని తీసుకెళ్లి గిన్నెలు కడిగే తొట్టిలో పడేశాడు.

“పాత అరను ఈ విడుదలకు ఉంచండి. పని రెండింతలు, అదనంగా మనిషిని మాత్రం ఇవ్వలేను.”

“ఇవ్వకండి.”

“వచ్చే ఏడు ఇదే కేకు మళ్లీ తెస్తాను.”

“తెండి. నేనిక్కడే నిలబడతాను” అంది ఐలీ. గొంతు వణికింది గాని మాట వణకలేదు.

“ఐలీ, నీళ్లు తాగవే. నీ గొంతు నాదానికంటే అధ్వానంగా ఉంది” అంది వెర్నా ఫోన్లోంచి.

మధ్యాహ్నమంతా ఐలీ పాత అరను తిరిగి కట్టింది. ఒడెస్సా సుత్తి తెచ్చి సొరుగు తాళం పగలగొట్టి, నిజం ఫోన్లన్నిటికీ ఛార్జింగు తీగలు పెట్టింది. కేకును ఎవరూ ముట్టుకోలేదు. క్రీము ఎండి పగుళ్లు తేలింది. పొద్దు వాలేముందు కొత్త పెట్టె సిద్ధమైంది. ఒడెస్సా దాన్ని పలకలోకి ఎక్కించింది. ఐలీ కళ్లు మూసుకుని, పరీక్షకని వెర్నా తానే ఏరి ఇచ్చిన వాక్యం మీద నొక్కింది.

చలికాలంలో కిక్కిరిసిన బస్సులో అరిచే ఆ పాత గొంతు ఆఫీసంతా మోగింది.

“లోపలికి జరగండి. ఇంకా జనం ఎక్కాలి.”