బిల్లు మీది పేరు

తన్మయి రోజూ పొద్దున్నే అల్ నహ్దా నుంచి రెండు బస్సులు మారి దుబాయ్‌లోని ఆఫీసుకొచ్చి, టీ తెచ్చుకుని, ఓ దూరదేశపు కరెంటు బిల్లులు తెరుస్తుంది. ఆ దేశంలో కరెంటు అమ్మే కంపెనీలు ముప్పై పైనే. సిమ్ కార్డు మార్చినట్టు కంపెనీ మార్చేయొచ్చు. మారకుండా నమ్ముకున్న పాతవాళ్ల దగ్గరే గుట్టుగా రేటు పెంచుతారు మహానుభావులు. ఆ గుట్టు పట్టుకుని అక్కడి ప్రభుత్వానికి చెప్పడమే తన్మయి ఉద్యోగం.

ఆ ఆఫీసులో బిల్లు తెరవగానే ఎవరి ఇంటి వెలుతురో బల్ల మీద పడుతుంది. ఒకటి వంటింటి ట్యూబులైటు, ఇంకోటి టీవీ నీలం. పక్క సీటులో ఉండే నిజామాబాద్ ఇర్షాద్ ఆ వెలుతురు కళ్లలో పడకుండా టోపీ పెట్టుకుంటాడు. ఒకరి వెలుతురు ఇంకొకరి బల్ల మీదకి రాకుండా ముదీర్, అంటే మేనేజరు, కర్టెన్లు కట్టించాడు. అంతకుమించి దాన్ని ఎవరూ పట్టించుకోరు.

ఆ వారం తన్మయి మనసు మనసులో లేదు. ఫ్లాటు, కరెంటు రెండూ భర్త అనీష్ పేరు మీదున్నాయి. న్యూజీలాండ్‌లో ఉద్యోగమని వెళ్లి మూడేళ్లయింది. మొదట ఫోన్లు, తర్వాత మెసేజీలు, తర్వాత అవీ లేవు. ఇన్నాళ్లూ ఏటేటా కాగితాలు వాచ్‌మన్ కరీముల్లా ఎలాగో సర్దేశాడు గానీ, బిల్డింగు కొత్త సెక్రటరీ మాత్రం గురువారంలోగా మీ ఆయన సంతకం పెట్టాలి, లేదా మీ పేరుకు మార్చుకోండి అని తేల్చేశాడు. మార్చుకుంటే పోయేదేముంది అంటారంతా. పోయేది ఆ పేరే. అతని పేరుతో ఆ ఇంటికి వచ్చేది నెలకో బిల్లు ఒక్కటే. అది చూస్తే అతనింకా ఈ ఇంటివాడే అనిపిస్తుంది ఆమెకు. పిచ్చిదే, ఏం చేస్తుంది మరి!

సోమవారం సర్వే ఫోన్లు. పదకొండేళ్లుగా అందరికన్నా ఎక్కువ రేటు కడుతున్న ఓ పెద్దావిడను, చౌక కంపెనీకి ఎందుకు మారలేదని అడిగింది. మారాలంటే ఖాతాదారు సంతకం కావాలట. ఖాతా మొగుడి పేరునుందట. ఆయనేమో పదకొండేళ్ల కిందట చెప్పకుండా వెళ్లిపోయాడట.

"ఇంకా వస్తారనుకుంటున్నారా?" ప్రశ్నల్లో లేని ప్రశ్న అడిగేసింది తన్మయి.

"ఆయన రాకపోయినా బిల్లు వస్తుందిగా," అంది పెద్దావిడ.

తన్మయి మాట మార్చాలని, ఆవిడ బిల్లులోంచి పడుతున్న వెలుతురు చూసి, మీ పిల్లల గదిలో గులాబీరంగు దీపం ఎంత బాగుందో అంది. మా ఇంట్లో పిల్లలూ లేరు, అలాంటి దీపమూ లేదంది ఆవిడ.

ఫోన్ పెట్టేసినా బల్ల మీద గులాబీ వెలుతురు అలాగే ఉంది. దాంట్లో చిన్న చేతుల నీడలు ఆడుతున్నాయి.

"ఇర్షాద్ భాయ్, ఇది బిల్లు వచ్చే ఇంటి వెలుతురు కాదా?"

"కాదు మేడం. పేరున్న మనిషి యాడుంటే ఆడి వెలుతురు పడ్తది. గిది నీకెర్క లేదా?"

లేదు. ఇన్నాళ్లూ తెలుసుకోవాలనుకోలేదేమో కూడా. సర్వేలో కారణం దగ్గర ఏ గడిలోనూ టిక్కు పెట్టకుండా వదిలేసింది.

మూడు రోజులు తన ఇంటి బిల్లు జోలికి పోలేదు. గురువారం అందరూ భోజనాలకు వెళ్లాక, గుండె చిక్కబట్టుకుని దాన్ని ఆఫీసు బల్ల మీద తెరిచింది.

పసుప్పచ్చ వెలుతురు పడింది. అందులో ఒకావిడ నీడ, కూర్చుని ఏదో కుట్టుకుంటోంది. ఇంకో నీడ లేచి నిలబడింది. ఆ భుజాలు తన్మయికి తెలుసు. అనీష్ గదిలోంచి వెళ్తుంటే దీపం ఆర్పేసేవాడు, తన్మయి అక్కడే కూర్చుని ఉన్నా సరే. ఇప్పుడూ ఆ చెయ్యి స్విచ్చు దాకా వెళ్లింది. ఆగింది. వెనక్కొచ్చి, దీపాన్ని ఆవిడ వైపు జరిపింది.

తన్మయి చాలాసేపు ఏడ్చింది. తిట్టుకుందామంటే తిట్టూ రాలేదు. మనిషి మంచివాడయ్యాడు, తన దగ్గర కాదు, అంతే. మొహం కడుక్కొచ్చి సెక్రటరీకి ఫోన్ చేసింది. పాత పేరు పూర్తిగా తీసేయమంటారా అని అడిగాడతను. తీసేయమంది.

నెల తిరిగాక కొత్త బిల్లు వచ్చింది. ఆఫీసులోనే తెరిచింది. బల్ల మీద కొత్తగా ఏ వెలుతురూ పడలేదు. పేరున్న మనిషి అక్కడే కూర్చుని ఉంది.