పసుపు కోటు

థేమ్స్ పొంగి నేలమాళిగల్లో పీపాలు తేలిన ఏడాది అది. వరద తీసి నెలైనా లండన్‌లో గోడల చెమ్మ ఆరలేదు. బొమ్మల కొట్టు మేడ మీద ఏమోస్ ట్రాంటర్ కాగితం మీద అచ్చేసిన బొమ్మలకు చేత్తో రంగులు వేస్తున్నాడు. ముప్ఫయ్యేళ్లుగా అదే బల్ల, అదే కిటికీ. ఎదుట ఆల్చిప్పల్లో రంగులు. వేళ్లకు పట్టిన పసుపు ఎంత తోమినా వదలదు.

బొమ్మలో ఒక లావుపాటి మనిషి గుర్రం మెడ పట్టుకుని వేలాడుతుంటాడు. టోపీ ఒకవైపు, విగ్గు మరోవైపు. ఆదివారం అద్దెగుర్రాలెక్కే కొట్లవాళ్ల మీద వెక్కిరింత. గీసినవాడు ఎవరినీ చూసి గీయలేదు. కోటుకు ఏ రంగో చెప్పనూ లేదు. ఏమోస్ కుంచె పసుపులో ముంచాడు. ఎదురింట్లో కొవ్వొత్తులమ్మే పిన్నాక్ ఆదివారం స్వారీకి తొడిగేది పసుపు కోటే. కావాలని వేశాడా అంటే చెప్పలేడు. వేస్తూ నవ్వుకున్న మాట నిజం.

బొమ్మ కొట్టు అద్దాల కిటికీలో వేలాడిన రోజే వీధంతా పిన్నాక్‌ను పోల్చుకుంది. పసుపు కోటు బొమ్మే కావాలని జనం ఎగబడ్డారు. కొవ్వొత్తులకు వచ్చినవాళ్లు "గుర్రం కులాసానా దొరా?" అని అడిగి మరీ పోయేవారు. యాభయ్యో ఏట నేర్చిన స్వారీ పిన్నాక్ మానేశాడు. వారానికి ఆ ఒక్క గంటే అతని సుఖం.

ఒకసారి అడిగాడు. "ఆ రంగు ఎవరేశారు, ఏమోసూ?"

"ఎవరో కొత్తవాళ్లు."

ఆ చలికాలం పిన్నాక్ దగ్గుతో మంచమెక్కాడు. ఒకరోజు, ఇవాళైనా నిజం చెప్పేయాలని ఏమోస్ పొద్దుటినుంచీ అనుకున్నాడు. ఈ బొమ్మ అయ్యాక, ఇంకొక్కటి అయ్యాక అంటూ మధ్యాహ్నం చేశాడు. రొట్టె ముట్టకుండా వీధి దాటాడు.

పిన్నాక్ చెల్లెలు హెస్టర్ తలుపు తీసింది. అన్న పోయి గంటయిందని చెప్పింది.

ఏమోస్ టోపీ నలుపుతూ నిలబడ్డాడు. "ఆ రంగు నేనే వేశానమ్మా."

"అన్నయ్యకు తెలుసు. మీ వేళ్లు చూస్తే తెలీదటయ్యా? మీరే వచ్చి చెబుతారని ఆదివారమల్లా మంచం పక్కన కుర్చీ వేయించేవాడు."

మర్నాడు పొద్దున ఏమోస్ పసుపు చిప్ప కడిగేశాడు. మిగిలిన బొమ్మల్లో కోటుకు మట్టిరంగు పూశాడు. ఇవెవడు కొంటాడని కొట్టు యజమాని గొణిగాడు. ఏమోస్ తలెత్తి చూశాడు. కిటికీలోంచి ఎదురింట్లో పిన్నాక్ గది కనబడుతోంది. మంచం తీసేశారు. కుర్చీ మాత్రం తలుపు వైపు తిరిగి అలాగే ఉంది.