ఊదేవాడికి ఊదే మిషన్

నేను ఒక గాలి మిషన్‌ని. డాక్టర్లు సీపాప్ అంటారు. పాత ట్రాన్సిస్టర్ రేడియో అంత ఉంటాను. ఒంట్లోంచి ఒక మెత్తటి గొట్టం, దాని కొసన ముఖానికి తగిలించుకునే మాస్కు, అంతే నా అవతారం. నిద్రపోగానే గొంతు కండలు వదులైపోయి గాలిదారి మూసుకుపోయే మనుషులు కొందరుంటారు. వాళ్లు ఇల్లెగిరిపోయేలా గురక పెడతారు. ఉన్నట్టుండి గురక ఆగిపోతుంది. పక్కవాళ్లు హమ్మయ్య అనుకుంటారు. అసలు భయపడాల్సింది అప్పుడే, ఎందుకంటే గురకతోపాటు ఊపిరి కూడా ఆగింది. అలాంటివాళ్ల గొంతులోకి నిద్రపోయినంతసేపూ గాలి నెట్టి ఆ దారి మూసుకోకుండా చూడటం నా ఉద్యోగం. ఇంత చాకిరీ చేస్తే నాకు దక్కిన పేర్లు ఏనుగు తొండం, పంపుసెట్టు, దరిద్రం.

సముద్రం అవతల ఏదో ఫ్యాక్టరీలో పుట్టాను. తెల్ల తొడుగులు వేసుకున్న ఆడవాళ్లు నాలో ఫ్యాను బిగించి, చెవి దగ్గర పెట్టుకుని విని, చప్పుడు రాకపోతే తల ఊపేవాళ్లు. పుట్టగానే ఏడవని పిల్లల్నే మంచివాళ్లుగా ఎంచే జాతి మాది.

నన్ను మొదట కొన్నది గుంటూరులో శరభయ్య అనే బ్యాంకు ఆఫీసరు. మొదటి రోజు నుంచీ ఆయనకు నేనంటే ఒళ్లుమంట. ఆ మంట ఆయనకు మంచే చేసింది. నా మీద కోపంతో తెల్లారకముందే లేచి నడిచాడు, రాత్రి అన్నం మానేశాడు, ఏడాది తిరిగేసరికి చొక్కాలన్నీ మళ్లీ కుట్టించుకోవాల్సినంత చిక్కాడు. డాక్టర్లు మళ్లీ నిద్ర పరీక్ష చేసి, ఆయన వరకు ఇక మిషన్ అక్కర్లేదన్నారు. నన్ను తెచ్చి కొన్న షాపులోనే అప్పజెప్పి, వెనక్కి తిరిగి చూడకుండా పోయాడు. కష్టపడి వదిలించుకున్నాడు కాబట్టి నేనేమీ అనుకోలేదు. గొడవంతా షాపతని నోటి వల్ల వచ్చింది. నన్ను తుడిచి, కొత్త మాస్కు తగిలించి, నా రెండో యజమాని చేతిలో పెడుతూ "ముందాయన ఏడాదిలో దీన్ని వదిలించుకున్నాడండీ" అన్నాడు. ఆ మాట షేక్ సైదావలి చెవిలో పడింది. మళ్లీ బయటికి రాలేదు.

సైదావలిది పల్నాటి వైపు ఒక ఊరు. తాతల నాటి నుంచి నాదస్వరమే వాళ్ల బతుకు. కొండ మీద గుళ్లో పొద్దున సేవకు ఆయన ఊదితేనే పూజారికి తెల్లవారినట్టు. పెళ్లిళ్ల రోజులొస్తే మేళంతో ఊళ్లు పట్టి తిరుగుతాడు. ఆ ఇంటికి వెళ్లిన మర్నాడే గదిలోంచి ఆయన సాధన విన్నాను. చెయ్యంత పొడుగు కర్రలోకి ఊపిరి పోసి, ఎక్కడా తెగకుండా, వీధి చివరిదాకా నిలబెడుతున్నాడు. గాలి సంగతి నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదని అప్పటిదాకా నాకో గర్వం ఉండేది. అది ఆ పొద్దున పోయింది. అలాంటి మనిషి కన్ను మూస్తే చాలు, తన ఊపిరి తాను తీసుకోలేడు. ఊదేవాడికి ఊదే మిషనా అని ఆయన సిగ్గుపడ్డాడంటే నాకు ఆశ్చర్యం లేదు.

సిగ్గు ఒక్కటే కాదు. మాస్కు అంచు పైపెదవి మీద ఒత్తి గాటు పెట్టేది. పొద్దునకి నోరు ఎండి, నాలుక అట్టముక్కలా తయారయ్యేది. పెదవులతోనే అన్నం సంపాదించుకునే మనిషికి అది చిన్న బాధ కాదు. వీటన్నిటికంటే పెద్ద భయం ఇంకోటి ఉంది. సైదావలికి ఊపిరి అయిపోయిందట అని ఒక్కడు అన్నా, పెళ్లిళ్లు కుదిర్చేవాళ్లు మరో మేళం చూసుకుంటారు. అందుకని ఇంటికి ఎవరొచ్చినా నన్ను మంచం కిందికి తోసి పాత చీర కప్పేవాడు. నా సంగతి ఆయన భార్య మీరాబీకి తప్ప ఎవరికీ తెలియదు. మేళంలో డోలు వాయించే అంకారావుకు గాని, పక్కన రెండో నాదస్వరం పట్టే మేనల్లుడు బాజీకి గాని చెప్పలేదు.

కొన్నాళ్లు కట్టుకున్నాడు, కొన్నాళ్లు మానేశాడు. మానేసినప్పుడల్లా నన్ను అటక ఎక్కించేవాడు. అక్కడినుంచి నాకు అంతా వినపడేది, బయటి సంగతులు కూడా మొగుడూ పెళ్లాల మాటల్లో తెలిసేవి. మధ్యాహ్నం అన్నం తిని మంచం మీద వాలతాడు, గురక అందుకుంటాడు, అది పెరిగి పెరిగి ఠక్కున తెగిపోతుంది. వంటింట్లో గిన్నెల చప్పుడు కూడా అప్పుడే ఆగుతుంది. మీరాబీ చేతిలో పని అలాగే పట్టుకుని నిలబడి ఉంటుందని నాకు తెలుసు. మళ్లీ ఆయన ఎగశ్వాస తీసిన చప్పుడు వచ్చాకే గిన్నెలు కదులుతాయి. అటక మీద ఊరికే పడి ఉండి ఆ నిశ్శబ్దం వినడం కంటే పాత సామాన్ల కొట్టులో తుప్పు పట్టడం నయం.

ఒకరోజు సేవ మధ్యలో, బాజీ ఊదుతుండగా, సైదావలి ఒళ్లో నాదస్వరం పెట్టుకుని కూర్చున్నవాడు కూర్చున్నట్టే నిద్రపోయి పక్కకు ఒరిగాడు. పెద్దాసుపత్రిలో గుండె పరీక్ష చేసిన డాక్టరు మొహమాటం లేకుండా చెప్పాడు. నిద్రలో ఊపిరి ఆగినప్పుడల్లా గుండె మీద దెబ్బ పడుతోంది, మిషన్ కట్టుకో, కుదరకపోతే ఇంకో దారి చూసుకో, ఊరికే మాత్రం ఉండకు అన్నాడు. సైదావలికి ఆ మాటల్లో ఇంకో దారి అన్నదే వినపడింది.

ఇక వెతుకులాట మొదలైంది. ముక్కులో తైలాలు పోసుకున్నాడు. అల్లం తేనె నాకాడు. వెల్లకిల పడుకోకుండా ఉండటానికి మీరాబీ చేత బనీను వీపున రబ్బరు బంతి కుట్టించుకున్నాడు. దాంతో కొంత మేలు జరిగిన మాట నిజమే, కానీ పక్కకు తిరిగి పడుకున్నా ఆయన గొంతు మూసుకునేది. చిక్కాలని అన్నం తగ్గించాడు. పెళ్లి భోజనాల మనిషి ఎంతకాలం తగ్గిస్తాడు? కింది దవడను ముందుకు లాగిపట్టే బిళ్ల ఒకటుందని విని పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లాడు. ఆయన నోరు తెరిపించి చూసి, అది పట్టుకోవడానికి గట్టి పళ్లుండాలి, నీకు దవడ పళ్లు సగం లేవు కదయ్యా అన్నాడు. చివరికి ఎవరో ఆపరేషన్ మాట చెప్పారు. అంగిట్లో వదులుగా వేలాడే కండ కొంత కోసేస్తే మిషన్ పీడ వదిలిపోవచ్చట.

విజయవాడలో ఆ ఆపరేషన్లు చేసే డాక్టర్ శైలబాల దగ్గరికి మొగుడూ పెళ్లాం వెళ్లారు. పేరు రాయించే చోట ఏం చేస్తుంటారని అడిగితే, వెనక వరసలో తన వైపు ఊళ్లవాళ్లు కనపడి, సైదావలి వ్యవసాయం అనేశాడు. డాక్టరమ్మ అడిగినప్పుడూ అదే చెప్పాడు. అబద్ధం చెప్పాక దానికే కట్టుబడాలనే పట్టుదల మనుషుల్లో మహా ఎక్కువ. దారిపొడవునా మీరాబీకి నోరెత్తొద్దని చెబుతూనే ఉన్నాడు. ఆపరేషన్ రోజు ఖాయమైంది. కోత తర్వాత కొన్నాళ్లు అవసరం పడొచ్చు, మిషన్ వెంట తెచ్చుకోమన్నారు. అలా నేను కూడా ఆసుపత్రి మంచం పక్కకు చేరాను.

ఆపరేషన్‌కు ముందు రోజు ఊపిరితిత్తుల బలం చూడటానికి ఒకమ్మాయి గొట్టమున్న పరికరం తెచ్చి, గుండెనిండా గాలి పీల్చి, ఆపమనేదాకా ఊదమంది. సైదావలి మంచం అంచున కూర్చుని గొట్టం నోట్లో పెట్టుకున్నాడు. ఆ అమ్మాయి ఇంకా, ఇంకా అని అరుస్తూ ఉంది. కాసేపటికి అరవడం మానేసింది. అప్పుడే లోపలికి వచ్చిన శైలబాల గుమ్మం దగ్గరే ఆగిపోయింది. ఆవిడ పరికరం వైపు చూడటం లేదు. ఆయన చేతులు చూస్తోంది. ఊపిరి గొట్టంలోకి పోగానే సైదావలి కళ్లు సగం మూతపడ్డాయి, రెండు చేతుల వేళ్లూ ఆ నున్నటి గొట్టం మీద లేని రంధ్రాల్ని మూస్తూ తెరుస్తూ కదిలిపోతున్నాయి. ఆ సంగతి ఆయనకే తెలియదు.

"ఏం వాయిస్తారండీ మీరు?" అంది.

గొట్టం ఆయన నోట్లోంచి జారింది. వేళ్లు గబుక్కున ఒళ్లో దాక్కున్నాయి. "వ్యవసాయమండీ, ముందే చెప్పా గదా" అన్నాడు.

డాక్టరమ్మ మీరాబీ వైపు తిరిగింది. మీరాబీ చీర చెంగు నలుపుతోంది. ఆవిడ మనసులో ఏముందో నాకు అర్థమైంది. నిజం చెబితే ఆపరేషన్ వద్దంటారేమో. వద్దంటే మళ్లీ ఆ మంచం, ఆ గురక, ఆ నిశ్శబ్దం. మొగుడు బతకాలన్నదొక్కటే ఆవిడకు కావాలి. సైదావలి కళ్లతోనే వద్దంటున్నాడు.  

"నాదస్వరమమ్మా," అంది మీరాబీ. "మూడు తరాల్నించీ."

శైలబాల కోప్పడలేదు. కుర్చీ లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుంది. "ఊదేటప్పుడు గాలి ముక్కులోకి పోకుండా అడ్డుండే తలుపు ఆ కండేనండీ. అది తగ్గిస్తే మామూలు మనిషికి మాటకు ఇబ్బంది రాకపోవచ్చు. మీరు ఊదే ఒత్తిడికి గాలి ముక్కులోంచి పోయే ప్రమాదం ఉంది. పోతే మళ్లీ తెచ్చివ్వడం నా చేతుల్లో లేదు."

ఆపరేషన్ చేసినా మిషన్ తప్పుతుందని గట్టిగా చెప్పలేనని కూడా అంది. సైదావలి తన చేతులు చూసుకుంటూ కూర్చున్నాడు. ఆపరేషన్ జరిగి ఉంటే రేపు ఈపాటికి ఆ వేళ్లు ఉండేవి, కర్ర ఉండేది, మధ్యలో గాలి మాత్రం నిలవకపోయేది. ఆ ఆలోచన ఆయన ముఖంలో కనపడి నాకు జాలేసింది. ఇంతకాలం నన్ను దరిద్రం అన్నాడన్న కోపం ఆ క్షణాన పోయింది.

డాక్టరమ్మ ఆపరేషన్ రద్దు చేసి నన్ను ఒళ్లోకి తీసుకుంది. పెదవిని ఒత్తే మాస్కు తీయించి, ముక్కు రంధ్రాల దగ్గర మాత్రమే ఆనే చిన్నది పెట్టించింది. నోరు ఎండకుండా గాలికి తేమ పట్టించే నీళ్ల తొట్టి తగిలించింది. బంతి బనీను మానొద్దంది, ఒళ్లు తగ్గితే మళ్లీ పరీక్ష చేద్దామంది. "వేరే దారి వెతకండి, తప్పు లేదు. అది దొరికేదాకా దీన్ని అటక ఎక్కించడం తప్పు. పెళ్లిళ్లకు ఊళ్లు తిరిగేటప్పుడు ఏం చేస్తున్నారు?" అని అడిగింది. సైదావలి కిటికీలోంచి బయటికి చూశాడు.

మళ్లీ పెళ్లిళ్లు మొదలయ్యాయి. చీరాల ప్రయాణం రోజు మీరాబీ నన్ను ఆయన పంచెల కింద సంచిలో సర్దింది. ఆయన చూశాడు, తియ్యలేదు. పొద్దున ఎదుర్కోళ్లు అయిపోయాయి. ముహూర్తం సాయంత్రం. భోజనాలయ్యాక మేళం వాళ్లు విడిది గదిలో జంఖానా పరుచుకుని నడుం వాల్చారు. సైదావలి గోడవారగా సంచి పెట్టుకున్నాడు. జిప్పు సగం తెరిచాడు. వెలుతురు నా మీద పడింది. అంకారావు దగ్గినట్టున్నాడు, జిప్పు మళ్లీ మూసుకుంది.

చీకట్లో పంచెల మధ్య పడి నేను వింటున్నాను. గురక మొదలైంది. పెరిగింది. తెగిపోయింది. వంటింటి గిన్నెలు లేవు, మీరాబీ లేదు. బారెడు దూరంలో ప్లగ్గు ఉంది, చేతికందేంత దగ్గరలో నేనున్నాను, అయినా ఏమీ చెయ్యలేను. నా బతుకులో అంత అసహ్యమైన ఘడియ లేదు. ఇంతలో జంఖానా మీద ఎవరో జరిగిన చప్పుడు, భుజం మీద తట్టిన చప్పుడు. సైదావలి ఒక్క ఊపున గాలి పీల్చి లేచి కూర్చున్నాడు.

"ఏందిరా బాజీ, పడుకోలా?"

"నా వంతు మామా."

"ఏం వంతురా?"

 నిద్రపోతున్నాడనుకున్న అంకారావు లేచి కూర్చున్నాడు. "నిద్రలో నీకు ఊపిరి ఆగిపోతది సైదన్నా. ఊళ్లకొచ్చినప్పుడల్లా ఒకరం పడుకుంటే ఒకరం నీ పక్కన కూర్చుంటన్నాం. ఆగినప్పుడు తడతాం. నువ్వు చెప్పుకోలా. మేమెట్టా అడుగుతాం?"

"ఎప్పట్నించిరా?"

"చానా ఏళ్లయింది," అన్నాడు అంకారావు. అన్నాక ముక్కు చీదిన చప్పుడు వినపడింది.

సైదావలి జంఖానా మీద ముందుకు జరిగాడు. సంచి ముందుకు లాక్కున్నాడు. పంచెలు పక్కన పడేసి, అందరి ముందూ నన్ను బయటికి తీశాడు.  గదిలో ఉన్నది ఒక్క ప్లగ్గు, దానికి అంకారావు ఫోను వేలాడుతోంది. అంకారావు దాన్ని పీకి పక్కన పెట్టి, నా వైరు తానే గుచ్చాడు. మాస్కు పట్టీ చెవుల మీదికి సర్దుకుంటూ సైదావలి, ఎప్పటికైనా దీన్ని వదిలించుకుంటానురా అన్నాడు. వదిలించుకుందువులే, ముందు పడుకో మామా అన్నాడు బాజీ.

నేను ఊదడం మొదలుపెట్టాను. కాసేపు వాళ్లిద్దరూ అలవాటు చొప్పున ఆయన ఛాతీ వంకే చూస్తూ కూర్చున్నారు. అది లేస్తోంది, దిగుతోంది, ఎక్కడా ఆగడం లేదు. ముందు బాజీ గోడకు జారబడ్డాడు. తర్వాత అంకారావు డోలు పక్కనే ఒరిగాడు. ఆ మధ్యాహ్నం ఆ గదిలో మేలుకుని ఉన్నది నేనొక్కదాన్నే.