తావొత్తు

పొద్దున్నే పాలు కాచబోతూ సవరణమ్మ ప్యాకెట్టు మీద అచ్చుతప్పు పట్టుకుంది. "చల్లని ప్రదేశంలో ఉంచండి" అనాల్సిన చోట "చల్లని ప్రవేశంలో ఉంచండి" అని ఉంది. ఉప్పు డబ్బా పక్కన పెట్టుకునే ఎర్ర పెన్ను తీసి, 'వే' మీద గీటు కొట్టి, పైన 'దే' రాసి, అప్పుడు ప్యాకెట్టు మూల కత్తిరించింది. ప్లాస్టిక్ మీద సిరా సరిగా పట్టలేదు. అయినా మనశ్శాంతి మనశ్శాంతే. మరో అయిదు నిమిషాల్లో చెత్తబుట్టలో పడేదానికి ఈ సేవ ఎందుకని అడగడం ఆమె భర్త పెళ్ళయిన రెండో ఏడే మానేశాడు.

ఆమెకు తల్లిదండ్రులు పెట్టిన పేరు వేరే ఉంది కానీ ఆఫీసులో ఎవరికీ గుర్తులేదు. నీటి సరఫరా శాఖలో ఆమె సమాచార అధికారిణి. ఎక్కడ గొట్టం పగిలినా, ఏ వీధికి ఏ పూట నీళ్ళు రాకపోయినా ఆ మాట జనానికి చెప్పడం ఆమె పని. నీళ్ళు వచ్చే రోజున చెప్పడానికేమీ ఉండదు. కాబట్టి ముప్పై మూడేళ్ళుగా ఆమె ఊరికి చెప్పిన కబురు ఒకటే, నీళ్ళు రావని. కింది వాళ్ళు రాసినవి దిద్దీ దిద్దీ, పైవాళ్ళు దిద్దవద్దన్నవి కూడా దిద్దీ, సవరణమ్మ అయింది. మనిషి సన్నగా, కాస్త ముందుకు వంగి ఉంటుంది, ఎదుట ఎప్పుడూ ఏదో కాగితం ఉన్నట్టు. కళ్ళజోడు ముక్కు చివరన ఉంటుంది. కుడిచేతి మధ్యవేలి మీద పెన్ను చేసిన కాయ ఒకటి, సిరా పీల్చి పీల్చి ఎర్రబడింది.

"ఇవాళేగా శిక్షణ?" అన్నాడు భర్త, గ్లాసు అందుకుంటూ.

"ఊఁ."

"నెలాఖరుకి రిటైరయ్యేదానికి ఇప్పుడు శిక్షణేమిటే? భోజనాలయ్యాక విస్తరి వేసినట్టు!"

"వెళ్ళాల్సినాయనకి కాలు బెణికింది. కుర్చీ ఖాళీగా ఉండకూడదుట."

ఆయన రెండు గుక్కలు తాగి, మెల్లగా అడిగాడు. "ఆవిడ వస్తోందా?"

"ఆవిడే పాఠం చెప్పేది. రెండు గంటలకి."

"అయితే ఇవాళైనా అడిగేసెయ్. ఇరవై మూడేళ్ళుగా ఆ గోడు నేనొక్కణ్ణే వింటున్నా. నాకూ రిటైర్మెంటు కావాలి."

ఆవిడంటే మైకమ్మ. ఇద్దరూ ఒకే రోజున ఉద్యోగంలో చేరారు, ఎదురెదురు బల్లల దగ్గర కూర్చున్నారు, పదేళ్ళు ఒకే డబ్బాలోంచి మధ్యాహ్నం తిన్నారు. ఇరవై మూడేళ్ళ కిందట ఊరి కుళాయిల్లో నీళ్ళు మట్టిరంగుకు తిరిగాయి. రాత్రికి రాత్రి ప్రకటన కావాలన్నారు. సవరణమ్మ కూర్చుని రాసింది. మైకమ్మ దాన్ని పట్టుకుని, వ్యాను మీద మైకు కట్టించి, తెల్లారేసరికి వీధి వీధీ తిరిగి చదివింది. "నీళ్ళు మరిగించి తాగండి. మూడు రోజులు. నాలుగో రోజు మళ్ళీ చెబుతాం."

ఆ చివరి వాక్యం ఊరిని కాపాడిందన్నారు. భయపడవద్దని చెబితే భయపడే జనం, నాలుగో రోజు మళ్ళీ చెబుతామనేసరికి ఎవరో తమకోసం తేదీ రాసి పెట్టుకున్నారని నమ్మి, మూడు రోజులూ బుద్ధిగా నీళ్ళు కాచుకున్నారు. ఆ తర్వాత మైకమ్మను ప్రధాన కార్యాలయానికి పిలిచారు. నిప్పు అంటుకున్నా, జ్వరాలు ప్రబలినా జనంతో ఎలా మాట్లాడాలో అన్ని శాఖల సమాచార అధికారులకూ ఆవిడే నేర్పడం మొదలుపెట్టింది. ఆ పాఠానికి "నాలుగో రోజు సూత్రం" అని పేరు పడింది. ఏటా శిక్షణ, ఏటా ఫొటో. ఆ ఫొటోలు ఆఫీసు పత్రికలో వచ్చేవి. వాటి కింద వివరాల్లో దొర్లిన తప్పులు సవరణమ్మే దిద్దాల్సి వచ్చేది. కడుపుమంటకు మజ్జిగ పనిచేస్తుందంటారు గానీ, ఆ రకం మంటకు చెరువు మజ్జిగ తాగినా లాభం లేదు.

రాసిన చేతికి పేరు లేదు, పలికిన నోటికి పేరొచ్చింది. ఇదీ సవరణమ్మ గోడు. అందుకే ఆ పొద్దున ఆమె సంచిలో నాలుగు మడతలు పెట్టిన కాగితం ఒకటుంది. పాఠం చివర, ప్రశ్నలడగమన్నప్పుడు, లేచి నిలబడి చదవాల్సిన ప్రశ్న. ఆరుసార్లు దిద్దగా మిగిలింది ఇది: "ఆ వాక్యం ఎవరిదండీ?"

శిక్షణ సంస్థ వాకిట్లో పేర్ల నమోదుకు పొడుగాటి బల్ల వేసి, తెల్లగుడ్డ పరిచారు. బ్యాడ్జీలు వరుసగా పేర్చి ఉన్నాయి. సవరణమ్మ మెడలోకి వచ్చిన బ్యాడ్జీ మీద కాలు బెణికినాయన పేరుంది. దాన్ని కొట్టేసి ఎర్రసిరాతో తన పేరు రాసుకుంది. అప్పుడు కంటపడింది, బల్లకు ఆ చివర, విడిగా, బంగారురంగు నాడాతో ఒక పెద్ద బ్యాడ్జీ. మైకమ్మది. పేరు కింద హోదా కూడా వేశారు. ముందుగా మంటే లేచింది. తర్వాత ఆమె కళ్ళజోడు పైకి తోసుకుని మళ్ళీ చూసింది.

"ముఖ్య వక్ర" అని ఉంది.

క కింద తావొత్తు ఉండాల్సిన చోట క్రావడి పడింది. వక్త కాస్తా వక్రమైంది. చేతిలో మూత తీసిన పెన్ను ఉంది. బల్ల దగ్గర ఎవరూ లేరు. సవరణమ్మ పెన్నుకు మూత పెట్టేసింది. ముప్పై మూడేళ్ళ సర్వీసులో తెలిసి తెలిసి ఒక తప్పును వదిలేయడం అదే మొదలు. దాన్ని మెడలో వేసుకుని ఆవిడ సాయంత్రం దాకా తిరుగుతుంది, ఫొటోలు దిగుతుంది. లోపల ఎక్కడో చల్లగా, పాల ప్యాకెట్టు చెప్పినట్టు, చల్లని ప్రవేశం జరిగింది.

పదకొండింటికి పరిచయాల గంట. అరవైమంది సమాచార అధికారులను ఒక గదిలో వదిలి, ఒకరినొకరు తెలుసుకోండి, అవసరానికి పనికొస్తారు అన్నారు. రోజంతా జనంతో మాట్లాడే ఉద్యోగస్తులు కదా, ఎవరూ ఎవరి మాటా వినలేదు. సవరణమ్మ తన కార్డులు తీసింది. ఎనిమిదేళ్ళ కిందట అచ్చువేయించినవి. ఫోను నంబరులో చివరి అంకె ఎనిమిదికి బదులు మూడు పడింది. తప్పులు దిద్దే మనిషి కార్డులోనే తప్పు! మూడుకు ఎడమపక్క రెండు వంపులు గీస్తే ఎనిమిదవుతుంది. అలా అయిదువందలూ గీసింది. ఇంకా నాలుగువందల తొంభై ఉన్నాయి.

"మైకమ్మ గారి క్లాసు మీకిదే మొదటిసారా?" అన్నాడు అగ్నిమాపక శాఖ లావుపాటాయన, ఆమె కార్డుతో చెవి గోక్కుంటూ. "అదృష్టవంతులమ్మా! నేను మూడుసార్లు విన్నా. మూడుసార్లూ కళ్ళు తడిశాయి."

"నిప్పుల శాఖకి నీళ్ళు కావాలిగా మరి," అంది సవరణమ్మ.

ఆయన పగలబడి నవ్వాడు. "ఏరీ ఆవిడ? పొద్దుటినుంచీ కనబడలేదే?"

"రాత్రే వచ్చారట అండీ. వెనకాల అతిథిగృహంలో ఉన్నారు," అంది ఆసుపత్రి తరఫున వచ్చిన పిల్ల. "క్లాసు రెండింటికి కదా, విశ్రాంతి తీసుకుంటున్నారేమో."

పెద్దవాళ్ళ విశ్రాంతి కూడా పెద్దదే, అనుకుంది సవరణమ్మ. తనైతే ఆరున్నరకే బస్సులో నిలబడింది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక అందరికీ మైకమ్మ తయారుచేసిన పాఠం కాగితాలు పంచారు. సవరణమ్మ అలవాటు కొద్దీ పెన్ను పట్టుకుని మొదటి పేజీ నుంచి తప్పులు వెతుకుతూ వచ్చింది. దొరకలేదు. అదింకా మండించింది. ఏడో పేజీ దగ్గర చెయ్యి ఆగిపోయింది.

ఆ పేజీలో ఇరవై మూడేళ్ళ నాటి ప్రకటన నకలు ఉంది, ఆ రాత్రి చేత్తో రాసిన కాగితమే. గుండ్రంగా, గింజలు పేర్చినట్టున్న ఆ రాత తనది. నీళ్ళు మరిగించి తాగండి. మూడు రోజులు. ఆ తర్వాత తన రాతలోనే ఇలా ఉంది: "తదుపరి సమాచారము నాలుగవ దినమున తెలియజేయబడును."

ఆ వాక్యం మీద ఒక గీటు. పైన, కుడివైపుకు పరుగెత్తుతున్నట్టుండే మరొకరి రాతలో: "నాలుగో రోజు మళ్ళీ చెబుతాం."

సవరణమ్మ కళ్ళజోడు తీసి తుడిచి పెట్టుకుంది. దినమున. తెలియజేయబడును. ఆ రాత్రి ఏం రాసిందో ఇరవై మూడేళ్ళుగా ఆమె భర్తకు అప్పజెబుతూనే ఉంది. అప్పజెప్పీ అప్పజెప్పీ, ఏ రోజున దినము పోయి రోజు వచ్చిందో, ఏ రోజున ఆ గీటు చెరిగిపోయిందో ఆమెకే తెలియదు. ప్రపంచంలో అందరినీ దిద్దింది గానీ తనను ఒకరు దిద్దిన సంగతి మాత్రం మరిచిపోయింది.

నకలు కింద చిన్న అక్షరాల్లో మైకమ్మ ఒక మాట అచ్చువేయించింది: "రాసింది నా స్నేహితురాలు. చదివింది నేను."

సవరణమ్మకు మొదట వచ్చింది సిగ్గు కాదు, కోపమే. ఉదారంగా ఉండే హక్కు కూడా దానికేనా!

రెండయింది. రెండుంపావయింది. వేదిక మీద మైకు ఒంటరిగా నిలబడి ఉంది. వెనక తలుపులోంచి సంస్థ సంచాలకుడు వచ్చాడు. మైకు దగ్గరికి వెళ్ళకుండా మొదటి వరుస ముందు నిలబడి, మామూలు గొంతుతో చెప్పాడు. మైకమ్మ గది తలుపు ఎంత కొట్టినా తీయకపోతే తాళం తెరిచి చూశారట. మంచం అంచున కూర్చుని, ఒక కాలికి చెప్పు వేసుకుని, అలాగే పక్కకు ఒరిగి ఉందట. డాక్టరు వచ్చి చూశాడు. పొద్దున ఏడెనిమిది మధ్య పోయి ఉంటుందన్నాడు.

అంటే పొద్దుటినుంచీ తను కుళ్ళుకున్నది లేని మనిషి మీద.

అరవైమందీ ప్రకటనలు రాసేవాళ్ళే. ఏడవడం చేతగాని చోట చేతనైన పని చేసినట్టు, ప్రకటన రాయడానికి కూర్చున్నారు. "హఠాన్మరణం" అని ఒకరు, "కన్నుమూశారు" అని ఒకరు. లావుపాటాయన "తీరని లోటు" అని రాయబోతే ఆసుపత్రి పిల్ల చెయ్యి పట్టుకుంది. "వద్దండీ. ఆ మాట వాడితే క్లాసులోంచి గెంటేసేవారు." ఆయన పెన్ను కింద పెట్టి, నాలుగోసారి కళ్ళు తుడుచుకున్నాడు.

చివరికి ఒక చిత్తుప్రతి తయారైంది. సంచాలకుడు చదువుతూ ఒకచోట ఆగాడు. "'నాలుగో రోజు మళ్ళీ చెబుతాం అన్న వాక్యాన్ని మొదట రాసినవారు...' ఇక్కడ ఖాళీ వదిలాం. ఆ వాక్యం తనది కాదనీ, స్నేహితురాలిదనీ ఆవిడ ప్రతి క్లాసులోనూ చెప్పేవారు. పేరు మాత్రం చెప్పేవారు కాదు. ప్రకటన రాసినవాళ్ళకి పేర్లుండవమ్మా అని నవ్వేవారు. ఆ స్నేహితురాలెవరో మీలో ఎవరికైనా తెలుసా? తెలిస్తే ఇవాళైనా ఆ పేరు వేద్దాం."

హాలంతా తలలు తిప్పి ఒకరినొకరు చూసుకున్నారు. సవరణమ్మ మెడలో ఎర్రసిరాతో రాసుకున్న పేరు వేలాడుతూనే ఉంది. ఇరవై మూడేళ్ళు ఎదురుచూసిన కుర్చీని ఎవరో జరిపి, దుమ్ము దులిపి, కూర్చోమంటున్నారు. అడ్డుచెప్పే మనిషి లేదు. ఏడో పేజీలోని రెండు రకాల రాతల్నీ గుర్తుపట్టగల మనిషి కూడా ఈ హాల్లో ఒక్కతే ఉంది.

ఆమె లేచింది. "ఇలా ఇవ్వండి. ఒకసారి చూస్తాను."

నీటి శాఖలో దిద్దే ఆవిడ అని ఎవరో గొణిగారు. కాగితం ఇచ్చారు. సవరణమ్మ ఒక కామా తీసేసింది. ఒక చోట దీర్ఘం పెట్టింది. ఖాళీ దగ్గర పెన్ను ఆగింది. ఆసుపత్రి పిల్ల తర్వాత చెప్పింది, అంతసేపు ఆగితే ఆవిడ పెన్ను ఆరిపోయిందనుకున్నానని.

"ఖాళీ అక్కర్లేదు," అంది చివరికి. "ఆ మాట ఈవిడదే."

"మరి స్నేహితురాలిదని..."

"స్నేహితురాలు రాసింది 'దినమున తెలియజేయబడును' అని. అలా చదివితే ఊరు సగం పారిపోయేది." కాగితం ఆయన ముందుకు చాపింది. "కొట్టేసి 'చెబుతాం' అని రాసింది ఈవిడే. ఏడో పేజీలో చూసుకోండి."

"ఆ రాత ఆవిడదేనని మీకెలా తెలుసమ్మా?"

"పదేళ్ళు ఎదురుగా కూర్చున్నా. ఎప్పుడూ పరుగే దానికి. అక్షరాలక్కూడా."

దానికి అన్న మాట హాల్లో కొందరికి అమర్యాదగా తోచింది. సంచాలకుడు మాత్రం ఆమె వంక కాసేపు చూసి, ఇంకేమీ అడగకుండా కాగితం తీసుకున్నాడు.

సాయంత్రం అయిదుకు అందరూ వెళ్ళిపోయారు. సంచిలోంచి నాలుగు మడతల కాగితం తీసి, వాకిలి పక్కనున్న బుట్టలో వేసింది సవరణమ్మ. పొడుగుబల్ల మీది తెల్లగుడ్డను సగం మడిచి వదిలేశారు. మిగిలిన బ్యాడ్జీలన్నీ ఎవరివి వాళ్ళు పట్టుకుపోయారు. ఆ చివరది ఒక్కటే ఉంది.

ఆమె అక్కడ నిలబడింది. ఎంతసేపు నిలబడినా లోపలి మంట పూర్తిగా చల్లారలేదు, అది వేరే సంగతి. చచ్చి కూడా గెలిచావు కదే, అనుకుంది. ఇంటికెళ్ళి ఆయనకేం చెప్పాలో కూడా అనుకుంది. తర్వాత పెన్ను మూత తీసి, బల్ల మీదికి వంగి, ప్లాస్టిక్ తొడుగులోంచి అట్టను జాగ్రత్తగా బయటికి లాగి, పని పూర్తిచేసి, మళ్ళీ తొడుగులోకి తోయకుండా అలాగే ఆరనిచ్చి, బస్సుకు వెళ్ళిపోయింది.

ఖాళీ వాకిట్లో పంకా ఇంకా తిరుగుతోంది. బంగారురంగు నాడా బల్ల అంచున ఊగుతోంది. అట్ట మీద, కొట్టేసిన క్రావడి పక్కన, ఎర్రటి తావొత్తు, ఇంకా తడిగా.