నొప్పి ఉందా అని అడిగిన రోజు

ఆ బస్సు కండక్టర్‌ను డిపోలో అందరూ రేడియో అనేవారు. టికెట్లు కొడుతూనే ఊళ్లో కబుర్లన్నీ ఏకరువు పెట్టేవాడు. బస్సు బోల్తా పడి తలకు దెబ్బ తగిలాక ఆ నోరు పడిపోయింది. కళ్లు తెరుస్తాడు, మూస్తాడు. పిలిస్తే మాత్రం చూడడు. స్పృహ లేదని ఆసుపత్రివాళ్లు తేల్చేశారు.

ఏడాదిగా భార్య రోజూ పొద్దున్నే వచ్చి ఒళ్లు తుడిచేది. కీళ్లు పట్టేయకుండా, అక్కడివాళ్లు నేర్పినట్టే, కుడిచెయ్యి తలపైదాకా ఎత్తి దించేది. చెయ్యి మొరాయిస్తే ఇంకాస్త బలంగా లాగేది.

"మరీ అంత లాగకు అమ్మాయ్," అనేది అతని అక్క.

"ఆయనకేం తెలుస్తుంది వదినా. వదిలేస్తే కొయ్యబారిపోతుంది."

కొత్తగా వచ్చిన డాక్టరమ్మ ఒకరోజు అతని తలకు వైర్లున్న టోపీ తొడిగింది. కుడి పిడికిలి బిగిస్తున్నట్టు ఊహించుకోమని, ఇక ఆపేయమని, చెవి దగ్గర మార్చి మార్చి చెప్పింది. చెయ్యి కదల్లేదు. కానీ తెరమీద మెదడు గీతలు చాలాసార్లు ఆమె చెప్పినట్టే మారాయి. మధ్యాహ్నం మళ్లీ చేసినా అంతే.

"వింటున్నారమ్మా. అర్థమవుతోంది కూడా."

అక్క తమ్ముడి మొహంలోకి వంగి చూసింది.

"అవునంటే పిడికిలి ఊహించుకోమందాం, కాదంటే ఊరుకోమందాం. ఏం అడగమంటారు?"

భార్యకు ఇంకేమీ తోచలేదు. "నొప్పేమైనా ఉందేమో అడగండి."

గీతలు మారాయి. కాలా అంటే మారలేదు. నడుమా అన్నా లేదు. కుడి భుజమా అనగానే మారాయి. ఎన్నిసార్లు అడిగినా అదే జవాబు.

ఎక్స్‌రే తీస్తే, భుజం ఎముక ఆ ప్రమాదంలోనే విరిగి వంకరగా అతుక్కుందని తెలిసింది. తల గొడవలో పడి ఎవరూ చూడలేదు. మందులిచ్చారు, చెయ్యి ఎత్తడం మాన్పించారు.

మర్నాటి నుంచి భార్య మంచం దాకా రాలేదు. గుమ్మం దగ్గరే స్టూలు వేసుకుని కూర్చునేది.

"తెలిసి చేశావా ఏంటి? వెళ్లి పక్కన కూర్చో," అంది అక్క.

"నేను లాగినప్పుడల్లా లోపల్లోపల అరిచుంటారు వదినా. ఏ మొహం పెట్టుకుని ముట్టుకోను?"

"ఆ మాట వాణ్నే అడుగు."

తర్వాతి పరీక్షలో ఆమే వంగి అడిగింది. "ఏవండీ, నేను ముట్టుకోవచ్చా?"

గీతలు ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. డాక్టరమ్మ మళ్లీ మళ్లీ అడిగి చూసింది.

"అలసిపోయి ఉంటారు. జవాబు రాకపోతే వద్దన్నట్టు కాదమ్మా."

"కాదంటే ఊరుకోమని చెప్పింది మీరే కదండీ."

డాక్టరమ్మ టోపీ విప్పి, ఇంకో రోజు మళ్లీ అడుగుదామంది.

మరో పరీక్ష చేసేలోపే అతని ఊపిరితిత్తులకు నెమ్ము చేరింది. ఆ రోజుల్లో ఆమె మంచం పక్కకు జరిగింది గానీ, దుప్పటి అంచు పట్టుకుంది తప్ప చెయ్యి పట్టుకోలేదు. ఒక ఉదయం అతను పోయాడు. అప్పుడు పట్టుకుంది.